కుర్చీలు దొరకని ఆదివారం

మా లెక్కల పుస్తకంలో నాలుగో ప్రదర్శనకు ఎదురుగా ‘కుర్చీల అద్దె’ గడిలో సున్నా ఉంది. పక్కనే ‘హాజరు’ గడిలో 112. అంతకు ముందు మూడు ప్రదర్శనల హాజరు వరుసగా 61, 38, 27. ఈ రెండు గడులకూ ఏదో సంబంధం ఉందని నాకు తట్టడానికి ఇంకో నెల పట్టింది. జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా కామర్సు చెబుతున్నవాణ్ని!

సంగతి మొదటి నుంచి చెబుతాను. అనంతపురం పాతవూరిలో మా మిత్రుడి పెదనాన్నగారికి ఒక వేరుశనగ మిల్లు ఉండేది. కాయలు కొట్టే యంత్రాలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. గోదాము మిగిలింది. అరవై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు, పైన రేకులు, నడుమ రెండు స్తంభాలు. “ఊరికే పడి ఉంది, పాడు చేయకుండా ఏమైనా చేసుకోండి” అన్నారాయన. మేము ఆరుగురం కూర్చుని, నవంబరు నుంచి మార్చి దాకా నెలకు రెండు ఆదివారాల చొప్పున పది సినిమాలు వేద్దామనుకున్నాం. చలికాలం ఎంచుకున్నది ఏ గొప్ప ఆలోచనతోనో కాదు. ఏప్రిల్లో ఆ రేకుల కింద మనిషి నిలవలేడు. పైగా చలికాలమైతే ఆరు దాటగానే చీకటి పడుతుంది కాబట్టి రేకుల చిల్లులన్నీ పూడ్చే పని తప్పుతుంది.

సినిమా వ్యాపారంలో మా జిల్లాల పేరు ఇప్పటికీ ‘సీడెడ్’. 1800లో నిజాం ఈ నేలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినప్పుడు అంటుకున్న పేరది. 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అని మనం వేరే పేరు పెట్టుకున్నాం. 1916లో ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ’గా పుట్టిన మా ఊరి ఆర్ట్స్ కాలేజీ కూడా ఆ పేరు వదిలించుకుంది. పంపిణీదారుల లెక్కల్లో మాత్రం ఫలానా సినిమా సీడెడ్‌లో ఇంత చేసిందనే ఇప్పటికీ రాస్తారు. అంటే మేము ఒక వసూళ్ల గడి. ఆ గడిలోకి ఎన్నడూ రాని సినిమాలు మా ఊరివాళ్లు చూడాలన్నది మా కోరిక. చూడాలని వాళ్లకు ఉందో లేదో అప్పట్లో మేమెవరమూ అడగలేదు.

అనుమతుల దగ్గరే రెండు నెలలు గడిచిపోయాయి. డిస్కు కొనుక్కున్నవాడికి ఇంట్లో చూసుకునే హక్కే వస్తుంది. నలుగురిని పిలిచి చూపించాలంటే హక్కుదారు ఒప్పుకోవాలి. పాత తెలుగు సినిమాలకు ఆ హక్కుదారును పట్టుకోవడం, వీలునామా లేని పొలానికి వారసులను వెతకడం లాంటిది. నెగెటివ్ ఒకరి దగ్గర, శాటిలైట్ హక్కు ఇంకొకరి దగ్గర, ఇంటర్నెట్ హక్కు మరొకరి దగ్గర. ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం. జవాబు రానివాటిని పక్కన పెట్టాం. మా జాబితాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సినిమా అలాగే పోయింది. దాని గురించి ఇప్పుడు తలచుకోను.

గోదామును సినిమా హాలుగా మార్చడం ఇంకో కథ. మొదటి రోజు స్పీకర్లు పెట్టి చూస్తే ఒక్క మాట నాలుగు మాటలై తిరిగి వచ్చింది. రేకులు, సిమెంటు గోడలు, బండల నేల, ఏదీ శబ్దాన్ని మింగదు. దానికి మందు మిల్లులోనే దొరికింది. ఓ మూల కట్టలు కట్టి పడేసిన గోనె సంచులు రెండు వందల దాకా ఉన్నాయి. వాటిని కుట్టించి, పక్క గోడల మీద పరదాల్లా వేలాడదీశాం. ప్రతిధ్వని చాలా వరకు తగ్గింది. పది వారాల పాటు గోనెల దుమ్ముకు తుమ్ములు మాత్రం తగ్గలేదు.

తెర గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. మేము కొన్న తెల్లగుడ్డ పన్నా చాలక మధ్యలో అడ్డంగా అతుకు వేయించాం. దర్జీ బాగానే కుట్టాడు. కానీ బొమ్మ పడ్డాక, తెర మీద ఎవరి ముఖం దగ్గరగా చూపించినా సరిగ్గా నుదుటి మీద ఒక గీత! ఏ పాత్రకు చూసినా తలకు కట్టు కట్టినట్టే ఉంది. చివరికి గుడ్డ తీసేసి, గోడకే లప్పం పూయించి, మెరుపు లేని తెల్లరంగు రెండు పూతలు వేయించాం. పన్నెండు అడుగుల వెడల్పు, ఆరడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు. పద్దెనిమిది అడుగుల దూరంలో ప్రొజెక్టరు. స్తంభాలకు ఆవలి భాగమంతా వృథా.

ఈ పనుల మధ్యలోనే మాకు ఆపరేటరు పెద్దాయన దొరికారు. ఊళ్లో ఒకప్పటి థియేటరులో ముప్పై ఏళ్లకు పైగా బొమ్మ వేసిన మనిషి. ‘బొమ్మ వేయడం’ అన్నది ఆయన మాట. మేము ‘ప్రదర్శన’ అంటుంటే నవ్వేవారు. మా ప్రొజెక్టరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంతేనా? దీన్ని చంకలో పెట్టుకుని పోవచ్చే” అన్నారు. ఆయన రోజుల్లో కార్బన్ కడ్డీల మంటతో వెలిగే యంత్రాలు రెండు ఉండేవి. ఒక రీలు అయిపోయే లోపు రెండోదాన్ని అందుకోవాలి. అందుకు గుర్తుగా తెర కుడివైపు పైమూల రెండుసార్లు చుక్క మెరుస్తుంది. మొదటి చుక్కకు రెండో యంత్రం మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్ల తర్వాత రెండో చుక్క. దానికి వెలుగు మార్చాలి. ప్రేక్షకులకు ఏమీ తెలియకూడదు. తెలిస్తే ఈలలు, బూతులు.

మొదటి సినిమాగా ‘పాతాళ భైరవి’ పెట్టాం. 1951 నాటిది. తీసిన కె.వి. రెడ్డి మన తాడిపత్రిలో 1912లో పుట్టినవారు కావడం ఒక కారణం. ఎవరూ కాదనరన్న ధైర్యం ఇంకో కారణం. అయితే ఆ కాలపు సినిమాల బొమ్మ ఇప్పటి టీవీల్లాగా వెడల్పుగా ఉండదు, ఇంచుమించు చతురస్రంలా ఉంటుంది. మా పన్నెండు అడుగుల తెరలో తొమ్మిది అడుగుల చిల్లర మాత్రమే బొమ్మ పడి, రెండు పక్కలా నల్లగా మిగిలింది. “ఖాళీ ఎందుకు?” అని మాలో ఒక కుర్రవాడు రిమోట్ నొక్కి బొమ్మను తెర నిండా సాగదీశాడు. వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది: “ఆ పిల్ల ముఖాన్ని గుమ్మడికాయ చేశారేమయ్యా!” హాలంతా నవ్వింది. మళ్లీ సరిచేశాం. తర్వాత నేను తెరను చూడడం మాని ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ పాత ప్రింటు నుంచి తీసిన డిజిటల్ కాపీలో కూడా చుక్కలు అలాగే ఉన్నాయి. మూలన చుక్క మెరిసినప్పుడల్లా ఆయన కుడిచేయి ఒళ్లో నుంచి కొంచెం లేచి, ఆగి, మళ్లీ ఒళ్లోకి దిగేది.

ఆ రోజు 61 మంది వచ్చారు. అందులో సగం మా బంధువులే అనుకోండి.

రెండో ప్రదర్శనకు సత్యజిత్ రాయ్ తొలి సినిమా. ముందుగా నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. 1947లో రాయ్, ఆయన మిత్రులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టడం, 1950లో ఆయన లండనులో ఒక ఇటలీ సినిమా చూసి తానూ అలా తీయాలని నిశ్చయించుకోవడం, 1959లో దేశంలోని ఫిల్మ్ సొసైటీలన్నీ ఒక సమాఖ్యగా ఏర్పడితే దానికి ఆయనే అధ్యక్షుడు కావడం, అన్నీ చెప్పాను. ‘నియో రియలిజం’ అన్న మాట పదకొండు సార్లు వాడానట. మా విద్యార్థి ఒకడు లెక్కపెట్టి మరీ చెప్పాడు. 38 మంది. మూడో వారం ఒక ఇరాన్ సినిమా. నేను మళ్లీ మాట్లాడాను. 27 మంది. ఎనభై కుర్చీలు తెప్పించాం, ఒక్కొక్కటి ఏడు రూపాయలు, పైగా ఆటో కిరాయి మూడు వందలు. ఖాళీగా ఉన్న 53 కుర్చీలకు 371 రూపాయలు దండగ అని పుస్తకంలో రాసుకున్నాను. అప్పటికి నాకు కనిపించిన నష్టం అంతే.

నాలుగో ప్రదర్శన రోజు ఉదయం షామియానా దుకాణం నుంచి ఫోను. “సార్, ఈ రోజు పెద్ద ముహూర్తం. ఊళ్లో ఒక్క కుర్చీ కూడా లేదు.” ముందే చెప్పవచ్చు కదా అంటే, “మీవి 27 మంది వచ్చే సినిమాలే కదా సార్, సర్దుకుంటారనుకున్నా” అన్నాడు. మా హాజరు లెక్కలు ఊరంతా తెలిసినట్టున్నాయి.

ఏం చేయాలో తోచక, మా బృందంలోని టీచరమ్మ, నేను గోదాము వెనక సందులోకి వెళ్లాం. అక్కడ రామాలయంలో శనివారం భజన చేసే ఆడవాళ్ల గుంపు ఒకటి ఉంది. వాళ్లకు నాలుగు పెద్ద జంపఖానాలు ఉన్నాయి. గుంపుకు పెద్ద దిక్కుగా ఉండే ఒక అవ్వ మమ్మల్ని ఎగాదిగా చూసి, “ఆ మిల్లులో రాత్రిపూట మాటలు వినిపిస్తుంటే మీటింగులు పెడుతున్నారనుకున్నాం” అంది. సినిమా అవ్వా అని చెప్పాం. “మరి మాకెవరు చెప్పారు?” అంది. గోడలకు అంటించాం కదా అని నేను అనబోయి ఆగాను. మా పోస్టర్లు అంటించినవి సప్తగిరి సర్కిల్లో, టవర్ క్లాక్ దగ్గర, కాలేజీల దగ్గర. ఇరవై గజాల దూరంలో ఉన్న ఈ సందులో ఒక్కటి కూడా లేదు. నాలుగు జంపఖానాలు చాలవని తెలిసి, అవ్వే నాలుగిళ్ల తలుపులు తట్టి చాపలు, బొంతలు కూడా ఇప్పించింది.

సాయంత్రం ఆరుంబావుకు జంపఖానా ఇచ్చినవాళ్లు జంపఖానా వెంట వచ్చారు. చాపలు ఇచ్చినవాళ్లు పిల్లలను తీసుకుని వచ్చారు. ఎవరి బొంత మీద వాళ్లు కూర్చున్నారు. నేను మైకు అందుకోబోతే, “మొదలుపెట్టు నాయనా, పిల్లలు నిద్రపోతారు” అంది అవ్వ. ఆ రోజు చాప్లిన్ 1921లో తీసిన మూకీ, ‘ది కిడ్’. మాటల గొడవ లేదు. ఆ పిల్లవాణ్ని బండిలో ఎక్కించుకుపోయే చోట సందు సందంతా ఏడ్చింది. తర్వాత అందరూ నవ్వారు. 112.

వచ్చింది కుర్చీలు లేకపోవడం వల్ల కాదు, చాప్లిన్ వల్ల అని మాలో ఇద్దరు గట్టిగా వాదించారు. సరే, ఐదో వారం కుర్చీలు తెప్పించాం. 44 మంది. భజన గుంపువాళ్లు గుమ్మం దాకా వచ్చి, వరుసలు కట్టిన కుర్చీలను, ముందు వరుసలో బూట్లతో కూర్చున్న మమ్మల్ని చూసి, కాసేపు నిలబడి వెళ్లిపోయారు. ఆరో వారానికి మళ్లీ జంపఖానాలు అడగడానికి వెళ్లాం. “పోయినసారి మా జంపఖానాలు వద్దనుకున్నారుగా” అని అవ్వ ముఖం తిప్పుకుంది. బతిమాలుకోవలసి వచ్చింది.

ఆ ఆరో సినిమా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రాయ్‌ని కదిలించిన ఇటలీ సినిమా అదే, విట్టోరియో డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’. మాటలు ఇటాలియన్, కింద అక్షరాలు ఇంగ్లీషు. మా కొత్త ప్రేక్షకుల్లో ముప్పాతిక మందికి రెండూ ఒకటే. టీచరమ్మ ఆ ఇంగ్లీషు అక్షరాలన్నిటినీ రెండు వారాలు కూర్చుని తెలుగులో ఒక నోటుపుస్తకంలోకి రాసుకుంది. ప్రొజెక్టరు పక్కన మైకు పెట్టుకుని చదవడం ఆమె పని. మొదటి పది నిమిషాలు గందరగోళమే. తెర మీద మాట అయిపోయాక ఈమె మాట వస్తోంది. అప్పుడామె పుస్తకం మూసేసి, అవసరమైన చోట మాత్రమే, పక్కింటి సంగతి చెప్పినట్టుగా చెప్పడం మొదలుపెట్టింది. “ఉద్యోగం ఇస్తారట, కానీ సైకిలు ఉండాలట. సైకిలేమో తాకట్టులో ఉంది.” అంతే. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లు ఉండేవారని నేను చదివాను. ఆపరేటరు పెద్దాయన అంత దూరం పోలేదు. “నిమ్మలకుంట తోలుబొమ్మలాట లాగే ఉంది, దీపం ఒక్కటే వెనక నుంచి ముందుకు వచ్చింది” అన్నారు.

సైకిలు విడిపించుకోవడానికి ఇంటి ఇల్లాలు పక్క మీది దుప్పట్లు తీసి తాకట్టు పెడుతుంది. కొట్టువాడు ఆ మూటను అటక మీద పెట్టడానికి ఎక్కుతాడు. కెమెరా అతని వెంట పైకి చూస్తుంది. కప్పు దాకా మూటలే. ఊరి పేదలందరి దుప్పట్లూ అక్కడే ఉన్నాయి. నా రెండో ఉపన్యాసంలో దీని గురించి ఒక పేరా ఉంది. ఆ పేరా మొత్తం ఒక ముప్పై ఏళ్ల ఆమె ఒక్క మాటలో చెప్పేసింది: “మనం బంగారం పెడతాం. వాళ్లకు అది కూడా లేదు.” పక్కనున్నామె వెంటనే, “మనకు మాత్రం ఎక్కడ మిగిలింది” అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇంకొకరి సంగతి. మా పోస్టర్లు అంటించే మనిషి ఊళ్లో థియేటర్లన్నిటికీ పోస్టర్లు అంటిస్తాడు. మైదా జిగురు బకెట్టు, నిచ్చెన, సైకిలు ఆయన ఆస్తి. వెనక సందులో కూడా అంటించమని డబ్బివ్వడానికి పిలిస్తే, ఆ రోజు సినిమాకు ఉండిపోయాడు. కథలో నాయకుడి ఉద్యోగం సరిగ్గా అదే, గోడలకు సినిమా పోస్టర్లు అంటించడం. అతను నిచ్చెన మీద ఉండగా సైకిలు పోతుంది. మా మనిషి ఒక్కసారిగా మోకాళ్ల మీద లేచి నిలబడ్డాడు. సినిమా అయ్యాక నా దగ్గరకు వచ్చి, “సార్, అతనికి పని నేర్పినవాడు ముడతలు తీయడం నేర్పాడు గానీ అసలు సంగతి చెప్పలేదు. సైకిలును నిచ్చెన కాలికే కట్టేయాలి. ఎవడైనా లాగితే నిచ్చెన కదులుతుంది, మనకు తెలుస్తుంది” అన్నాడు. “నిచ్చెన పడిపోదా?” అన్నాను. “పడితే పడతాం. సైకిలు మిగులుతుంది కదా.”

అప్పటి నుంచి సినిమాకు ముందు నా ఉపన్యాసం రద్దయింది. నేను బాధపడలేదని చెబితే అబద్ధం. సినిమా అయ్యాక అరగంట మాట్లాడుకోవడం మొదలైంది. ‘తినుబండారాలు లోనికి తేరాదు’ అన్న బోర్డు కూడా తీసేశాం. ఉడకబెట్టిన కాయలు, బొరుగులు, మిరపకాయ బజ్జీలు లోనికి వచ్చాయి. ప్రతి ఆదివారం రాత్రి పదింటికి, వేరుశనగ మిల్లులో వేరుశనగ తొక్కలు ఊడ్చే పని నాకు, ఆ రిమోట్ కుర్రవాడికి పడింది.

ఏడో సినిమా గురించి చెప్పడానికేమీ లేదు. బాగా లేదు. ఎంచింది నేనే.

ఎనిమిదోది ‘మల్లీశ్వరి’. అదీ 1951దే. తీసిన బి.ఎన్. రెడ్డి పులివెందుల దగ్గరి వారు. కృష్ణదేవరాయల కాలపు కథ. అవ్వ దాన్ని చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన టూరింగ్ టాకీసులో చూసిందట. ఆ రోజు జనం గోదాము బయట కూడా నిలబడ్డారు. సరిగ్గా నాయకుడు నాగరాజు మల్లీశ్వరి కోసం రాణివాసంలోకి దొంగతనంగా వెళ్లే ఘట్టం దగ్గర కరెంటు పోయింది. మాకున్న ఇన్వర్టరు ప్రొజెక్టరును పది నిమిషాలు నిలబెట్టి అదీ చేతులెత్తేసింది. చీకట్లో ఎవరూ లేవలేదు. “తర్వాత ఏమవుతుందవ్వా?” అని ఒక పిల్ల అడిగింది. అవ్వ గొంతు సవరించుకుంది. వాళ్లిద్దరినీ రాజభటులు పట్టుకున్నారనీ, రాయలు మరణశిక్ష వేశాడనీ, ఇద్దరూ తుంగభద్రలో దూకారనీ, అది చూసి రాయలు కిరీటం తీసి నేల మీద పెట్టి ఏడ్చాడనీ, అంతా వివరంగా చెప్పింది. ముక్కులు చీదుకోవడం వినిపించింది. పెద్దాయన నా చెవి దగ్గర, “ఇది ఏ సినిమా అయ్యా?” అన్నారు.

నలభై నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది. సినిమాలో రాయలవారు ఇద్దరినీ క్షమించి పంపించేశారు. హాల్లో ఒక రకమైన నిరాశ. “మీరు తప్పు రీలు వేశారు” అని అవ్వ పెద్దాయనను నిలదీసింది. రీళ్లు లేవమ్మా, అంతా ఈ చిన్న పెట్టెలోనే ఉందని ఆయన చెబితే, “అందుకే” అంది. ఆ తర్వాతి చర్చ అంతా ఏ ముగింపు మంచిదన్న దాని మీదే జరిగింది. చేతులు ఎత్తించాం. అవ్వ ముగింపు గెలిచింది.

చివరి ప్రదర్శన మార్చి రెండో ఆదివారం. రాత్రి ఏడింటికి కూడా రేకులు సెగలు కక్కుతున్నాయి. రెండు ఫ్యాన్లు అద్దెకు తెచ్చాం. వాటి హోరులో సగం మాటలు వినబడలేదు. అయినా 90 మందికి పైగా కూర్చున్నారు. సభ్యత్వాలు, హుండీ, ఖర్చులు అన్నీ పోను 1,340 రూపాయలు మిగిలింది.

వచ్చే చలికాలానికి ఏం కొనాలో తేల్చడానికి కూర్చున్నప్పుడు, మన సొంత జంపఖానాలు ఆరు కొనేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. ప్రతిసారీ వెళ్లి అడుక్కోవడం ఎందుకు, ఒక్కసారి పెట్టుబడి, పదేళ్లు వస్తాయి. కామర్సు ప్రకారం ఆ మాటలో తప్పు లేదు. నేను ఒప్పుకోలేదు. కారణం సరిగ్గా చెప్పలేక, డబ్బు చాలదన్నాను. అబద్ధమే. ఇంకో రెండు వేలు మేమే వేసుకోగలం. టీచరమ్మ నా వైపు చూసి నవ్వి, “అడగడానికి నేను వెళతాలెండి” అంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

జంపఖానాలు ఉతికించి తిరిగి ఇవ్వడానికి నేనే వెళ్లాను. అవ్వ ఒక్కొక్కటి విప్పి, అంచులు చూసి, ఒక దాని మీద బజ్జీల నూనె మరక కనిపెట్టి నాకు చూపించింది. క్షమించమన్నాను. మడత పెట్టి లోపల పెట్టుకుంటూ, “దీపావళి తర్వాతే కదా మళ్లీ?” అంది. అవునన్నాను.

“ఈసారైనా చివరిదాకా ఏడిపించేది చూసి తీసుకురా నాయనా.”